ఏడో పేజీ నుంచి మొదలుపెట్టు

బరంపురం

చిరంజీవికి ఆశీస్సులు.

పర్లాకిమిడి నుంచి నువ్వు పంపిన కట్ట మంగళవారం చేతికందింది. ఆటల జట్ల పేర్ల మీద నీ వ్యాసం, పన్నెండు పేజీలు. మొదటి ఆరు చదువుతూ రెండుసార్లు కునుకు తీశాను. వయసు మీదికి నెట్టెయ్యవచ్చు గానీ, ఈసారి తప్పు నా వయసుది కాదు. ఏడో పేజీలో మీ మామ్మగారు టీవీకి దండం పెట్టిన చోట లేచి కూర్చున్నాను, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను.

అక్కడ నువ్వు రాసింది మూడే వాక్యాలు. 2022 సెప్టెంబరు 4, పుణెలో అల్టిమేట్ ఖోఖో లీగు తొలి సీజను ఫైనల్. ఒకవైపు ఒడిశా జగ్గర్‌నాట్స్, మరోవైపు తెలుగు యోధాస్. వ్యాఖ్యాత నోట మాటిమాటికీ జగ్గర్‌నాట్ అన్న మాట వినబడుతుంటే, వత్తులు చేసుకుంటున్న మామ్మగారు "జగన్నాథుడా?" అని చేతులు జోడించారు. నువ్వు "కాదు మామ్మా, అది జట్టు పేరు" అని ఆవిడను సరిదిద్ది, తర్వాతి పేరాలో ఐపీఎల్ లోగోల్లోకి వెళ్లిపోయావు.

తల్లీ, సరిదిద్దవలసింది ఆవిడను కాదు. పూరీ రథాన్ని చూసి బెదిరిన తెల్లవాళ్లు జగన్నాథుడి పేరును తమ నాలుక తిరిగినట్టు తిప్పుకున్నారు. అడ్డొచ్చినదాన్నల్లా నలిపేసే మహాశక్తి ఏదైనా దానికి ఇంగ్లిషులో ఆ పేరే పెట్టారు. అలా దేశాలన్నీ తిరిగిన మాట చివరికి ఖోఖో పిల్లల చొక్కాల మీదికి, మీ ఇంటి టీవీలోకి వచ్చింది. బడిలో మూడేళ్లు ఖోఖో ఆడిన నువ్వు గుర్తుపట్టలేదు. పలక పట్టని ముసలావిడ పట్టుకుంది. పేర్ల గురించి పన్నెండు పేజీలు రాసినదానివి, పేరు నీ ఎదురుగా ఇల్లు చేరుకుంటే చూడకుండా వెళ్లిపోయావు.

కాబట్టి ఏడో పేజీ నుంచి మొదలుపెట్టు. మొదటి ఆరు పేజీల్లో తప్పులున్నాయని కాదు. హైదరాబాదు జట్టుకు 2008లో డెక్కన్ చార్జర్స్ అన్న పేరు, ఆ జట్టును కొన్న పత్రిక పేరులోంచి వచ్చిందన్నావు, నిజమే. 2013లో వచ్చిన సన్‌రైజర్స్‌లోని సూర్యుడు హైదరాబాదులో పొడిచినవాడు కాదు, యజమాని టీవీ సంస్థ పేరులోవాడు, అదీ నిజమే. బెంగళూరు జట్టు పేరు సారాయి సీసా మీదినుంచి దిగిందన్నావు, కాదనను. అయితే ఇవన్నీ నువ్వు పరీక్షలో జవాబులా వరసగా అప్పజెప్పావు. అందులో కథ ఉన్న చోటు ఒక్కటే: 2009లో కప్పు గెలిచిన చార్జర్స్ ఎద్దు బొమ్మ 2012లో జట్టుతోపాటే మాయమైతే, దాని కోసం ఏడ్చినవాడు ఎవడు? నీకు తెలిసినవాళ్లలో ఎవరైనా ఆ పాత చొక్కా దాచుకున్నారా? దాచుకుంటే ఆ మనిషి దగ్గరికి వెళ్లు, చొక్కా ఏ రంగుకు వెలిసిందో చూడు. దొరక్కపోతే ఆ ఆరు పేజీలను నాలుగు వాక్యాలు చేసి, మామ్మగారి దండం తర్వాత పెట్టు. అప్పటికి చదివేవాడికి పేర్లు ఎక్కడినుంచి వస్తాయన్న ఆత్రం పుట్టి ఉంటుంది.

ఇక నా సంగతి ఒకటి చెబుతాను. యాభై ఏళ్ల కిందటి మాట. ఇక్కడ మా వీధిలో పదకొండుమందిమి పోగై ఫుట్‌బాల్ జట్టు కట్టాం. ఆట రాకముందే పేరు పెట్టాం, అది మామూలే. యువజన, సంఘం, సమాజం అన్నీ కలిసివచ్చేలా ఆరు మాటల పేరు. బనీన్లకు రంగు వేయించే డబ్బు లేదు. మా ఊరు పట్టుకు పేరు గదా, నేతవీధిలో దారాలకు రంగులద్దే ఇంటినుంచి గూనలో మిగిలిన నీలం అడిగి తెచ్చుకుని, నూలు బనీన్లు అందులో ముంచి ఆరేశాం. పట్టుకు పట్టే రంగు నూలుకు పట్టదని మాకెవరు చెప్పారు! బోర్డులు రాసే పెయింటరు అక్షరానికి ఇంత అని అడిగాడు. ఆరు మాటల పేరు ఆరు అక్షరాలకు కుదించుకున్నాం. అతను ఒడియా మనిషి. కాగితం మీద మేం రాసిచ్చిన తెలుగు అక్షరాలను బొమ్మల్లా చూసి దించాడు. సగం అక్షరాలకు తలకట్లు లేవు. తలకట్టు లేని తెలుగు అక్షరం గొడుగు మరిచిపోయి వానలోకి వెళ్లిన మనిషిలా ఉంటుంది.

వాన నిజంగానే వచ్చింది. మొదటి సగం ముగిసేసరికి బనీన్ల నీలం అక్షరాల మీదుగా కారి లాగూల్లోకి దిగింది. పేరు ఎవరికీ కనబడటం లేదు. కనబడుతున్నది మా గోల్‌కీపరు ఒక్కడే. వాడు ఠాకురాణి జాతరలో పులివేషం కట్టేవాడు. రెండేళ్లకోసారి వచ్చే జాతర అప్పుడే ముగిసింది, చెవుల వెనక, మెడ మడతల్లో పసుపు రంగు ఇంకా వదల్లేదు. బంతి వస్తే వేషంలో దూకినట్టే నాలుగు కాళ్ల మీద దూకేవాడు. అవతలి వీధి ఒడియా కుర్రాళ్లు గట్టు మీద కూర్చుని "బాఘొ! బాఘొ!" అని కేకలు మొదలుపెట్టారు. పులి అని. వెక్కిరింతే. మేం మూడు గోల్స్ తేడాతో ఓడిపోయాం. ఇంటికి పోయే దారిలో మాత్రం ఒకరినొకరం బాఘొ అనే పిలుచుకున్నాం. ఆ తర్వాత జట్టు ఉన్నన్నాళ్లూ అదే పేరు. ఆరు మాటల అసలు పేరు ఏమిటో నాకిప్పుడు సరిగా గుర్తులేదు, నమ్ము.

మరుసటేడు తెలివి ఎక్కువై, మాలో బొమ్మలు వేసేవాడొకడు బనీన్ల మీద పులి తల వేశాడు. గట్టు మీదివాళ్లు ఒక్క నిమిషం నిదానంగా చూసి "బిలెయి! బిలెయి!" అన్నారు. పిల్లి అని. పేరు మాకు ఇచ్చింది వాళ్లే, బొమ్మతో దాన్ని పాడుచేసుకుంది మేమే.

బ్రెజిల్‌లో పాల్మెయిరాస్ అనే పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బు ఉంది. దాని అభిమానులను ఎదుటివాళ్లు పంది, పంది అని ఏడిపించేవారు. 1980ల్లో ఆ అభిమానులే పందిని నెత్తిన పెట్టుకుని, తామే ఆ కేక వేయడం మొదలుపెట్టారు. ఎదుటివాళ్ల చేతిలో రాయి లేకుండా పోయింది. ఈ సంగతి చదివినప్పుడు నాకు మా గోల్‌కీపరు చెవులు గుర్తొచ్చాయి. నీ వ్యాసంలో లేనిది ఇదే: గట్టు మీది గొంతు. జట్టుకు పేరు ఎవరు పెట్టారో రాశావు గాని, ఆ పేరును జనం ఎలా పలుకుతున్నారు, ఎక్కడ కుదిస్తున్నారు, కోపం వస్తే ఏమని తిడుతున్నారు, ఇదేదీ లేదు. ఆటల పోటీ జరిగే చోట మైకు పక్కన కాదు, సోడాబండి పక్కన నిలబడు. ఒడియా కేకను ఒడియాలోనే రాయి. దాన్ని తెలుగులోకి దించితే కేక కాస్తా సమాచారమైపోతుంది.

మీ వీధి కబడ్డీ జట్టు చొక్కా మీద తోడేలు ఉందని రాసి, మన నేలకు సంబంధంలేని బొమ్మ అని కోప్పడ్డావు. ముందు ఆ చొక్కాలు అచ్చు వేసిన కొట్టుకు వెళ్లావా? కంప్యూటరులో నాలుగు బొమ్మలు చూపించి ఉంటాడు, అందులో తోడేలు చొక్కాకు పది రూపాయలు తక్కువై ఉంటుంది. లేదా కుర్రాళ్లలో ఒకడి ఫోను మీద ఆ బొమ్మ అప్పటికే ఉండి ఉంటుంది. తెలియకుండా కోప్పడితే వ్యాసం సభలో ఉపన్యాసమైపోతుంది.

మన నేలలోంచి వచ్చిన బొమ్మ అయితే అంతా బాగుంటుందనీ అనుకోకు. 2018లో భువనేశ్వర్‌లో పురుషుల హాకీ ప్రపంచ కప్పు జరిగినప్పుడు మస్కట్, అంటే పోటీకి గుర్తుగా పెట్టిన బొమ్మ, ఓలీ. ఆలివ్ రిడ్లే తాబేలు బొమ్మ. మా గంజాం జిల్లాలోనే, రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట, ఇసుకలో వేలకు వేలు గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేలు అది. పరుగుల ఆటకు తాబేలేమిటని నవ్వినవాళ్లున్నారు గాని, ఇంతకంటే ఈ నేలకు చెందిన బొమ్మ ఇంకొకటి దొరకదు. అయితే ఆ తాబేలు కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ ముఖద్వారం దగ్గరి సముద్రంలో వేట బంద్. ఆ తీరంలో వలలు వేసేవాళ్లలో చాలామంది మనవాళ్లే, ఒడియావాళ్లు నొలియాలు అని పిలిచే తెలుగు మత్స్యకారులు. చేతికర్ర పట్టుకుని నవ్వుతున్న ఓలీ బొమ్మ, ఒడ్డున బోర్లించిన పడవ. నేనైతే ఆ రెండూ ఒకే వాక్యంలో పెట్టి ఊరుకుంటాను. తాబేలును తిట్టను, మత్స్యకారుడి మీద జాలి కురిపించను. ఇది నువ్వు రాయవలసిన వ్యాసం. నేను రాద్దామనుకుని రాయలేదు, బద్ధకం. నీకిస్తున్నాను.

భాష మాట ఒకటి. యోధాస్ అన్న పేరు చూసి నాకు ఒళ్లు మండింది. యోధుడు ఉన్నాడు, యోధులు ఉన్నారు, చివర ఈ స్‌ ఎందుకు? తెలుగు అని ముందు పెట్టుకున్న పేరుకు తెలుగు బహువచనం పనికిరాలేదు! కబడ్డీ జట్టు తెలుగు టైటాన్స్ అయినా నయం, గ్రీకు పురాణంలోనివాళ్లు, వాళ్ల స్‌ వాళ్లది. ఈ కోపం నాది, నువ్వు అరువు తీసుకోకు. నీకు రాకపోతే వదిలెయ్యి.

ఇక నీ చివరి మూడు పేజీలు. "సరిహద్దు తెలుగువాడు ఎవరి వైపు నిలబడాలి?" అని ప్రశ్న వేసుకుని, పేజీన్నర వాదించి, తీర్పు చెప్పావు. ఆ తీర్పు కొట్టేశాను, పెన్సిలుతోనే, కావాలంటే చెరుపుకో. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడి, మన నడుమ గీత పడింది. అప్పటినుంచి ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తూనే ఉన్నారు, మా ఇళ్లలో ఎవరూ జవాబు కోసం ఆగలేదు. మా ఇంట్లోనే చూడు. మనవడు హాకీ లీగులో కళింగ లాన్సర్స్ మనిషి, 2017లో వాళ్లు కప్పు గెలిచిన రాత్రి అన్నం తినలేదు. కబడ్డీకి వస్తే తెలుగు టైటాన్స్, ఓడిపోతున్నా సరే. ఐపీఎల్‌లో చెన్నై పసుపు, ఎందుకంటే ధోనీ, అంతే. వాడికి ఇందులో చిక్కేమీ కనబడలేదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో మా ఊరి కాటులు రవికుమార్ వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో బంగారు పతకం ఎత్తినప్పుడు మా వీధిలో టపాకాయలు కాల్చిన చేతులు ఏ భాషవో ఎవరు లెక్కపెట్టారు? అతనికి జట్టు పేరూ లేదు, లోగో లేదు. ఊరి పేరు చాలింది.

నీకు నిజంగా ఆ ప్రశ్నే కావాలంటే కలకత్తా వైపు చూడు. 1920లో పెట్టిన ఈస్ట్ బెంగాల్ క్లబ్బు. తూర్పు నుంచి వచ్చి కలకత్తాలో ఉంటున్నవాళ్లు తమ వైపు నేల పేరును జట్టుకు పెట్టుకున్నారు. 1947లో ఆ నేల వేరే దేశంలోకి పోయింది. తర్వాత మ్యాపు మీద ఆ పేరూ మిగలలేదు. మైదానంలో మాత్రం ఇప్పటికీ ఉంది. అదే ఊళ్లో దాని ప్రత్యర్థి మోహన్ బగాన్‌కు 2020లో ముందు, తనతో కలిసిన ఇంకో క్లబ్బు పేరు, ఏటీకే అని మూడక్షరాలు తగిలిస్తే, వాటిని పీకేదాకా అభిమానులు ఊరుకోలేదు. 2023లో పీకారు, పీకి వెనక సూపర్ జెయింట్ అని తోక కట్టారు, అది వేరే సంగతి. వీళ్లలో ఎవరినీ ఎవరి వైపు నిలబడాలో అడిగి రాయలేదు బెంగాలీ రచయితలు. గెలిచిన రోజు వంటింట్లో పులస వండారా, రొయ్యలు వండారా అని చూశారు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే పులస, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్య. అంత దగ్గరికి వెళ్లాలి.

ఇప్పుడు నీ ఏడో పేజీకి మళ్లీ వస్తాను. ఆ ఫైనల్ 46-45తో ముగిసింది. ఒక్క పాయింటు. ఆఖరి క్షణాల దాకా తెలుగు యోధాస్‌ది పైచెయ్యి, తర్వాత ఒడిశా గెలిచింది. అంతా నువ్వు చూశావు, మామ్మగారూ చూశారు. దండం పెట్టిన మనిషి ఆట అయ్యేదాకా అక్కడే కూర్చున్నారా? తెలుగు అన్న మాట కూడా ఆవిడ చెవిన పడి ఉంటుంది కదా, అప్పుడేమన్నారు? ఆఖరి దూకు దగ్గర నువ్వు అరిచావా, అరిస్తే ఎవరి కోసం? చేతిలో వత్తి ఏమైంది?

ఇవేవీ రాయలేదు నువ్వు. ఆవిడ ఉండగానే అడుగు. నీకు గుర్తున్నదీ ఆవిడకు గుర్తున్నదీ కలవకపోతే రెండూ రాసి పంపు. కాగితానికి ఒకవైపే రాయి, పెన్సిలుకు చోటు కావాలి.

వచ్చే నెల పాతపట్నంలో పెళ్లికి వస్తున్నాను. అక్కడినుంచి మీ ఊరు ఎంత దూరం! ఆ చొక్కాల కొట్టు ఎక్కడో కనుక్కుని ఉంచు, ఇద్దరం వెళదాం.

ఆశీస్సులతో,
మాస్టారు