యాన్యువల్ రిపోర్ట్ పని వెనక పేజీల నుంచి మొదలుపెట్టండి

మీ ప్రశ్న క్లుప్తంగా: పాశమైలారంలో ప్లాంటు, హైదరాబాద్‌లో ఆఫీసు ఉన్న చిన్న లిస్టెడ్ ఫార్మా కంపెనీ. యాన్యువల్ రిపోర్ట్ బాధ్యత మొదటిసారి మీకు వచ్చింది. డిజైనర్ "ఈసారి థీమ్ ఏంటి?" అని అడుగుతున్నాడు. మంచి రిపోర్ట్‌కి అసలు ఏం కావాలి?

థీమ్ సంగతి ఆఖర్న చూసుకోవచ్చండీ. బ్యాలెన్స్ షీట్ చదవడం వచ్చినవాళ్లు ఆడిటర్ నివేదిక, నోట్స్ (లెక్కల కింద ఇచ్చే వివరణలు) చూశాకే ఛైర్మన్ సందేశానికి వస్తారు. మీరూ అదే వరసలో పని చేయండి. వెనక నోట్స్‌లో కళ్లకు గుచ్చుకునే అంకె ఏదైనా ఉంటే దాని గురించి ముందు పేజీల్లో మీరే చెప్పేయాలి. పాఠకుడు తనంతట తను కనిపెట్టాడంటే ఇక మిగతా రిపోర్ట్‌నీ నమ్మడు.

దీనికి అసలు పరీక్ష నిష్పత్తుల దగ్గర. కంపెనీల చట్టం షెడ్యూల్ 3కి 2021లో చేసిన సవరణ ప్రకారం 11 నిష్పత్తులు ఇవ్వాలి. ఏది 25 శాతానికి మించి మారినా కారణం రాయాలి. చాలా రిపోర్టుల్లో అక్కడ "వ్యాపార పరిస్థితుల్లో మార్పు వల్ల" అన్న ఒక్క ముక్క ఉంటుంది. అది కారణం కాదు. ఉదాహరణకి ట్రేడ్ రిసీవబుల్స్ టర్నోవర్ (అమ్మకాలు, కొనుగోలుదార్ల నుంచి రావాల్సిన సగటు బకాయికి ఎన్ని రెట్లో చెప్పే నిష్పత్తి) 5.2 నుంచి 3.6కి పడిపోయిందనుకుందాం, అంటే దాదాపు 31 శాతం తగ్గుదల. ఇలా రాయండి: "మార్చిలో పంపిన ఎగుమతుల తాలూకు రూ. 64 కోట్లు సంవత్సరాంతానికి రాలేదు, అందులో రూ. 58 కోట్లు జూన్ లోపు వచ్చాయి." రాశాక రిసీవబుల్స్ ఏజింగ్ పట్టిక (ఏ బకాయి ఎంత పాతదో చూపేది) తీసి చూడండి. మీరు చెప్పింది నిజమైతే ఆ డబ్బు గడువు ఇంకా రానివాటిలోనో, ఆరు నెలల లోపు గడిలోనో కనిపించాలి. ఏడాది నుంచి రెండేళ్ల గడి ఉబ్బి ఉంటే మీ వాక్యం తప్పు. దాన్ని దిద్దకుండా ప్రింటుకు పంపకండి. ఆడిటర్ తన నివేదికలో ఈ బకాయిలనే కీలక అంశంగా పట్టుకుంటే మేనేజ్‌మెంట్ విశ్లేషణలో వాటికి కనీసం ఒక పేరా ఇవ్వండి.

ఎక్కువ తప్పులు దొర్లేది అమ్మకాల అంకెలో. ఉదాహరణకి ఛైర్మన్ సందేశంలో 412 కోట్లు, లాభనష్టాల ఖాతాలో 398.6 కోట్లు ఉంటాయి. ముందు పేజీ రాసినవాళ్లు ఇతర ఆదాయం కూడా కలిపేసి ఉంటారు. లేదా ఒకచోట స్టాండలోన్ (కంపెనీ ఒక్కదానివే), ఇంకోచోట కన్సాలిడేటెడ్ (అనుబంధ కంపెనీలతో కలిపి) అంకెలు వాడి ఉంటారు. ఏది వాడుతున్నారో మొదట్లోనే తేల్చుకుని ప్రతి పట్టిక పైనా రాయండి. ముందు కోట్లు, వెనక లక్షలు పెట్టి చదివేవాణ్ణి లెక్కలు కట్టుకోమనడం కూడా మంచిది కాదు.

గ్రాఫులు మీరే స్వయంగా చూసుకోవాలి. అమ్మకాలు 400 నుంచి 440కి పెరిగాయనుకుందాం, అంటే 10 శాతం. డిజైనర్ గీతని సున్నా నుంచి కాకుండా 360 నుంచి మొదలుపెడితే రెండో స్తంభం మొదటిదానికి రెట్టింపు ఎత్తులో నిలబడుతుంది. అతనికి అది అందం, చదివేవాడికి మాత్రం మోసంలా కనిపిస్తుంది.

రిస్కుల పేజీలో "నియంత్రణ సంస్థల రిస్కు" అని రాసి వదిలేయకండి. యూఎస్ఎఫ్‌డీఏ (అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ) తనిఖీ జరిగి ఫారం 483 (తనిఖీలో కనిపించిన లోపాల జాబితా) వచ్చిందా? ఎన్ని అబ్జర్వేషన్లు, ఎప్పుడు జవాబిచ్చారు, ఇప్పుడు ఏ దశలో ఉంది, అన్నీ చెప్పండి. బీఆర్‌ఎస్‌ఆర్, అంటే పర్యావరణ, సామాజిక బాధ్యతల నివేదిక, మీకు వర్తిస్తే (మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకి తప్పనిసరి) అందులోని నీటి పట్టికని ప్లాంటు మనిషితో కూర్చుని నింపండి. ఒక పేజీలో "చుక్క వ్యర్థజలం కూడా బయటికి వదలం" అని ఉంటుంది. ఇంకో పేజీలో ఉమ్మడి శుద్ధి కేంద్రానికి ట్యాంకర్లలో పంపిన కిలోలీటర్లు ఉంటాయి. అలా పంపింది కూడా డిశ్చార్జ్ కిందికే వస్తుంది.

మన ఊళ్లో నగదు నిల్వల గురించి వేరే చెప్పక్కర్లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు తప్పు ఒప్పుకుంటూ రాసిన లేఖ ప్రకారం పుస్తకాల్లో చూపిన రూ. 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో రూ. 5,040 కోట్లు లేనే లేవు. డిపాజిట్లకీ వచ్చిన వడ్డీకీ పొంతన ఉందా అని చదివేవాళ్లు లెక్క చూసుకోవచ్చు. మధ్యలో డిపాజిట్లు పెరగడం వల్ల వడ్డీ తక్కువగా కనిపిస్తుంటే ఆ సంగతి ఒక వాక్యంలో చెప్పండి.

తేదీలు వెనక్కి లెక్కపెట్టండి. ఏజీఎం (వాటాదారుల వార్షిక సమావేశం) సెప్టెంబర్ 25న అనుకుంటే నోటీసుకీ మీటింగుకీ మధ్యలో 21 పూర్తి రోజులు ఉండాలి. పంపిన రోజు, మీటింగ్ రోజు లెక్కలోకి రావు. అంటే వాటాదారులకి ఈమెయిల్ సెప్టెంబర్ 3కల్లా వెళ్లాలి. పంపడం మొదలుపెట్టే రోజుకే స్టాక్ ఎక్స్ఛేంజీలకీ రిపోర్ట్ ఇచ్చేయాలి. ఆడిట్ అయిన ఫలితాలు మే 30 లోపు ఎలాగూ వస్తాయి, కాబట్టి జూన్‌లోనే రాయడం మొదలుపెట్టి ఆగస్టు 20 తర్వాత అక్షరం కూడా మార్చకుండా ఆపేయండి. డైరెక్టర్ల నివేదికకి పోయినేడాది ఫైలు కాపీ చేస్తే పాత సంవత్సరం, పాత బోర్డు మీటింగుల సంఖ్య అలాగే ఉండిపోతాయి. ఆ సంఖ్య కార్పొరేట్ గవర్నెన్స్ నివేదికలోనూ వస్తుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఆఖరి ప్రూఫ్‌ని ఇద్దరు చూడాలి. డిజైనర్ పంపిన పేజీ ఒకరు పైకి చదువుతుంటే, ఆడిటర్ సంతకం ఉన్న కాపీలో ఇంకొకరు పెన్సిల్‌తో టిక్ పెట్టాలి. నష్టాన్ని సూచించే బ్రాకెట్లు ఊడిపోవడం, పోయినేడాది కాలమ్ ఒక వరస కిందికి జారడం ఇలా చదివితేనే దొరుకుతాయి. పీడీఎఫ్‌లో ఏదైనా పదం వెతికి చూడండి. దొరక్కపోతే అక్షరాలు బొమ్మలుగా మారాయన్నమాట, మళ్లీ చేయించండి.

అచ్చు కాపీలు అడిగినవాళ్లకి సరిపడా చాలు. ప్రెస్సులో ఒక్కో ఫారం (ఒకేసారి అచ్చయ్యే పెద్ద షీటు) 16 పేజీలది అయితే 196 పేజీల రిపోర్ట్‌కి 12 ఫారాల మీద నాలుగు పేజీలు మిగిలి, వాటికోసం విడిగా ప్రింటు వేయాలి. ముందున్న ఫొటోల్లోంచి నాలుగు పేజీలు తీసేస్తే 192కి సరిగ్గా సరిపోతుంది.