సైకిల్ కంటే సామాన్ల బిల్లే ఎక్కువైతే?

ప్రశ్న: నా వయసు 49. కాలేజీ రోజుల్లో ఎక్కడికెళ్లినా సైకిల్ మీదే వెళ్లేవాణ్ణి. ఉద్యోగం వచ్చాక మానేశాను, 25 ఏళ్లు దాటింది. ఇప్పుడు మళ్లీ మొదలుపెడదామని, మా తమ్ముడింట్లో కొన్నేళ్లుగా ఊరికే పడి ఉన్న గేర్ల సైకిల్ తెచ్చుకున్నాను. కావాల్సినవి ఆన్‌లైన్‌లో చూసుకుంటూ పోతే 16 వస్తువులు తేలాయి. హెల్మెట్, లైట్లు, తాళం, జెల్ సీటు కవర్, ప్యాడెడ్ షార్ట్స్, గ్లవ్స్, జెర్సీ, వేగం చూపించే సైకిల్ కంప్యూటర్, బూటును పట్టి ఉంచే క్లిప్ పెడల్స్, వాటికి తగ్గ బూట్లు, ఇంకా చిన్నాచితకా. అన్నీ కలిపితే అలాంటి సైకిల్ కొత్తది కొనే ధర దాటింది. నేను పక్కన పెట్టుకున్న డబ్బు అందులో సగానికే సరిపోతుంది. మిగతాది వాయిదాల మీద తీసుకోవచ్చా? లేకపోతే దేన్ని వదిలేయాలి? ‘రెండు నెలలు తొక్కి మూలన పడేస్తావు’ అని ఇంట్లో అంటున్నారు.

జవాబు: వాయిదాల మీద వద్దండీ. వడ్డీ లేని వాయిదాలైనా సరే. ఇంకా కుదురుకోని అలవాటు మీద నెలనెలా కట్టాల్సిన బాకీ పెట్టుకుంటే, ఏ వారమైనా సైకిల్ తీయడం కుదరనప్పుడు డబ్బు వృథా అవుతోందన్న టెన్షన్ మొదలవుతుంది. ఇష్టంగా చేయాల్సిన పని భారమైపోతుంది. మీ చేతిలో ఉన్న డబ్బుతోనే ఈ పని చక్కగా అవుతుంది. అందులోనూ కొంత మిగలాలి, ఎందుకో చివర్లో చెబుతాను.

సామాన్ల మొత్తం సైకిల్ ధరను మించిందని కంగారు పడకండి. ఆ పోలికతో మనకు పని లేదు. ఒక్కో వస్తువు దగ్గరా ఆగి, ‘ఇది లేకుండా రేపు బయలుదేరితే నాకు జరిగే నష్టమేంటి?’ అని అడగండి. హెల్మెట్ లేకపోతే తలకు ముప్పు. చీకట్లో వెనక లైటు లేకపోతే ప్రాణానికే ముప్పు. జెర్సీ లేకపోతే చొక్కా చెమటకు తడుస్తుంది, అంతే. ఇలా వడబోస్తే మీ 16లో ఇప్పుడే కొనాల్సినవి నాలుగైదుకు మించవు. పైగా, మీరు రాయనివి కొన్ని ముందు వరసలోకి వస్తాయి.

అన్నిటికంటే ముందు డబ్బు పడాల్సింది ఆ సైకిల్ మీదే. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న సైకిల్ పైకి బాగానే కనిపిస్తుంది, కానీ రబ్బరు మాత్రం ఊరుకోదు. టైరు పక్కభాగాన్ని వేళ్లతో నొక్కి వంచి చూడండి. సన్నటి పగుళ్లు కనిపిస్తే గాలి నిలుస్తున్నా సరే ఆ టైర్లు మార్చేయండి. బ్రేక్ రబ్బర్లు గట్టిపడి గోరుతో నొక్కినా దిగకపోతే అవీ మార్చాల్సినవే. అవి ఖరీదైన వస్తువులేమీ కావు. బ్రేక్ తీగలు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి, వాటినీ చూపించండి. మంచి మెకానిక్ దగ్గర పూర్తి సర్వీసింగ్ చేయించాకే మిగతా షాపింగ్. మీరు రాసినవన్నీ ఒంటికి, హ్యాండిల్‌కి తగిలించుకునేవే. బ్రేకు సరిగ్గా పడకపోతే వాటిలో ఏదీ అక్కరకు రాదు.

చైన్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే సైకిల్‌లో అసలైన పొదుపు అక్కడే ఉంది. మామూలు స్కేలు తీసుకుని, బిగుతుగా ఉన్న చైన్ మీద ఏదో ఒక పిన్ను నడిమధ్యకు సున్నా గీత ఆనించండి. చైన్ కొత్తదైతే 12 అంగుళాల గీత కూడా సరిగ్గా మరో పిన్ను నడిమధ్యకే వస్తుంది. పిన్నుకీ పిన్నుకీ మధ్య అరంగుళం దూరం కాబట్టి 24 ఖాళీలన్నమాట. ఆ పిన్ను గీత దాటి అంగుళంలో పదహారో వంతు ముందుకు జరిగితే చైన్ మార్చే సమయం వచ్చినట్టే. ఎనిమిదో వంతు జరిగిందంటే, ఆ అరిగిన చైన్ వెనక పళ్ల చక్రాల్ని కూడా తినేసి ఉంటుంది. అప్పుడు చైన్‌తో పాటు ఆ చక్రాల సెట్టు మొత్తం మార్చాలి, దాని ధర చైన్ కంటే బాగా ఎక్కువ. సమయానికి ఒక చైన్ మారిస్తే ఆ పెద్ద ఖర్చు చాలాకాలం వెనక్కి పోతుంది. కాబట్టి సీటు కవర్ స్థానంలో చైన్ ఆయిల్ సీసా ఒకటి చేర్చండి. ఆయిల్ వేశాక పైన మిగిలిన తడిని గుడ్డతో తుడిచేయండి, లేకపోతే దుమ్ము పట్టి చైన్ మరింత త్వరగా అరుగుతుంది.

ఇక హెల్మెట్. ఇంట్లో పాతది ఏదైనా ఉన్నా వాడకండి. లోపలి నురుగు ఒక దెబ్బను తాను నలిగి ఆపుతుంది, మళ్లీ యథాస్థితికి రాదు, నలిగిన సంగతి బయటికి కనిపించకపోవచ్చు కూడా. కొనేటప్పుడు లోపల ఈఎన్ 1078 లేదా సీపీఎస్‌సీ లాంటి భద్రతా ప్రమాణం ముద్ర ఉందో లేదో చూడండి. ఒకే ముద్ర ఉన్న మామూలు హెల్మెట్టూ, దానికి నాలుగింతలు ధర పలికేదీ నెగ్గిన పరీక్ష ఒకటే. ఎక్కువ డబ్బు చాలావరకు తేలికదనానికీ, గాలి రంధ్రాలకీ, అందానికీ పోతుంది. మీకు ముఖ్యం అది తలకు సరిగ్గా కూర్చోవడం. కనుబొమ్మల పైన రెండు వేళ్ల ఎడం ఉండాలి, పట్టీలు చెవుల కింద కలవాలి, గడ్డం కింద బిగించాక ఒకటి రెండు వేళ్లు మాత్రమే దూరాలి. తల ఊపితే హెల్మెట్ విడిగా కదలకూడదు. అందుకే ఈ ఒక్కటీ షాపుకెళ్లి పెట్టుకుని చూసి కొనండి, ఆన్‌లైన్ తగ్గింపు ఎంత ఊరించినా.

లైట్లు రెండూ కొనండి, ముందు తెల్లది, వెనక ఎర్రది. వీధి దీపాలున్న దారిలోనే తిరిగేటట్టయితే మీరు ఇతరులకు కనిపిస్తే చాలు, ముందు లైటుకు 100 నుంచి 200 ల్యూమెన్లు (వెలుగును కొలిచే లెక్క) సరిపోతాయి. చీకటి రోడ్డు మీద గుంత మీకు కనిపించాలంటే 400 అయినా ఉండాలి. మీరు తెల్లారాక తొక్కేవారైతే పెద్ద లైటుకు డబ్బు పోయక్కర్లేదు. చీలమండకు చుట్టుకునే, వెలుగు పడితే మెరిసే పట్టీలు మాత్రం తప్పకుండా తీసుకోండి. పెడల్‌తో పాటు పైకీ కిందికీ ఆడుతుంటే, అక్కడ సైకిల్ మీద మనిషి ఉన్నాడని వెనక వాహనం నడిపేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. అంత తక్కువ ఖర్చుతో అంత భద్రత ఇచ్చే వస్తువు ఇంకోటి నాకు తెలియదు.

మీరు రాసిన వాటిలో పంపు లేదు! గాలి గేజీ ఉన్న, నేల మీద నిలబెట్టి కొట్టే పంపు ఒకటి ఇంట్లో ఉండాల్సిందే. ట్యూబులో గాలి దానంతటదే తగ్గుతూ ఉంటుంది. మెత్తబడిన టైరుతో గుంతలో పడితే ట్యూబు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగి పంక్చరవుతుంది. ఎంత గాలి కొట్టాలో టైరు పక్కనే రాసి ఉంటుంది. కొనేముందు మీ ట్యూబు వాల్వు ఏ రకమో చూసి దానికి పట్టే పంపే తీసుకోండి. దానితో పాటు ఒక స్పేర్ ట్యూబు, టైరు విప్పే లీవర్లు.

తాళం అవసరమా కాదా అన్నది సైకిల్ ఎక్కడ ఆపుతారన్న దాని మీద ఉంటుంది. ఇంటి నుంచి బయలుదేరి ఎక్కడా దిగకుండా ఇంటికే వచ్చేస్తే ఇప్పుడే అక్కర్లేదు. బయట వదిలి వెళ్లాల్సి వస్తే సన్నటి కేబుల్ తాళం వద్దు, కట్టర్‌కు క్షణాల్లో తెగిపోతుంది. సైకిల్ విలువలో పదో వంతు వరకైనా వెచ్చించి మంచి యూ-లాక్ (U ఆకారంలో ఉండే గట్టి లోహపు తాళం) కొనండి.

జెల్ సీటు కవర్ కొట్టేయండి. మెత్తగా ఉంటే సుఖమనిపిస్తుంది గానీ, కాసేపటికే జెల్ పక్కలకు జరిగి ఒరుసుకోవడం మొదలవుతుంది. మొదటి రెండు మూడు వారాల నొప్పి చాలావరకు అలవాటు తప్పిన ఒంటిది, సీటుది కాదు. ముందు పైసా ఖర్చు లేని పని చేయండి. సీటు మీద కూర్చుని, కింద ఉన్న పెడల్ మీద మడమ ఆనిస్తే మోకాలు సరిగ్గా నిటారు కావాలి. సీటు అంతకంటే దిగువన ఉంటే మోకాళ్లు నొప్పి పుడతాయి. నెల దాటినా ఇబ్బంది తగ్గకపోతే ప్యాడెడ్ షార్ట్స్ కొనండి. వాటిని లోదుస్తులు లేకుండా వేసుకోవాలి, లేదంటే కుట్లు ఒరుసుకుని పుండ్లు పడతాయి. కంప్యూటర్ చేసే పని ఇప్పటికి ఫోన్‌లో యాప్ చేస్తుంది. క్లిప్ పెడల్స్, బూట్లు ఈ ఏడాదికి వద్దే వద్దు. ఆగేటప్పుడు కాలు విడిపించుకోవడం అలవాటు కాకముందు నిలబడినచోటే పడిపోతారు, ఈ వయసులో ఆ దెబ్బ తొందరగా మానదు.

డబ్బు సంగతికొస్తే, మీ దగ్గరున్నదాంట్లో మూడింట రెండు వంతులు సర్వీసింగ్‌కీ, పైన చెప్పిన అత్యవసరాలకీ తీయండి. మిగతా వంతును మామూలు ఖర్చుల్లో కలవకుండా విడిగా ఉంచండి. మూడో నెలలో ఇంకో ట్యూబు, ఆరో నెలలో బ్రేక్ రబ్బర్లు, ఆ తర్వాత చైన్ అంటూ ఖర్చులు వరసగా వస్తాయి, అప్పుడు ఆ డబ్బే ఆదుకుంటుంది. అన్నేళ్ల విరామం తర్వాత కాబట్టి, బీపీ, గుండె సమస్యలేమైనా ఉంటే డాక్టర్‌ను కలిసే ఫీజు కూడా మొదటి ఖర్చులోనే వేసుకోండి.

ఇంట్లోవాళ్ల మాటకు మీరు నొచ్చుకున్నట్టున్నారు. వాళ్ల అనుమానంలో అర్థముంది, మీ కోరికలో తప్పూ లేదు. ఇప్పటికి కొనకుండా ఆపిన వస్తువుల్ని ఒక కాగితం మీద రాసి ఉంచండి. తొక్కుతుండగా ఏది లేక నిజంగా ఇబ్బంది పడ్డారో దాని పక్కన ఒక గీత గీయండి. మూడు గీతలు పడిన వస్తువు కొనుక్కోవచ్చు, అప్పుడు ఇంట్లోనూ ఎవరూ కాదనరు. పంపు, మడ్‌గార్డులు, బాటిల్ స్టాండు లాంటివి సెకండ్ హ్యాండ్‌లో దొరికినా నిశ్చింతగా తీసుకోండి. హెల్మెట్ మాత్రం కొత్తదే.