ఈల ఎక్కడ పడుతుందో చూడు, చిన్నా

చిరంజీవి చిన్నాకి బొబ్బిలి నుంచి మీ అత్త ఆశీర్వదించి రాస్తున్నది.

మొన్న ఆదివారం మీ నాన్న ఫోన్ చేసి, "నీ మేనల్లుడు హైదరాబాదులో ఉద్యోగం మానేశాడు, ఆటలు తయారు చేస్తాడంట, నువ్వైనా చెప్పు" అన్నాడు. ఏం ఆట అని అడిగితే, కుర్రాళ్ళు కొట్లాటల జోలికి పోకుండా చేసే వీడియో గేమ్ అని సగం తిడుతూ, సగం మురిసిపోతూ చెప్పాడు. నేనూ మురిసిపోయాను, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నువ్వు ఉద్యోగం మానేసినందుకు కాదు. ఇన్నేళ్ళూ ఎవరికీ సరిగ్గా చెప్పని సంగతి ఒకటి నా దగ్గర ఉంది. అది నీకు చెప్పక తప్పదు కదా అని.

ముందు మామూలు మాటలు. ఏడాది ఖర్చుకి సరిపడా డబ్బు బ్యాంకులో ఉంచుకో. స్నేహితుడితో కలిసి చేస్తే వాటాలు కాగితం మీద రాసుకోండి. మొదటి ఆట చిన్నదిగా చెయ్యి. మన పిల్లల చేతుల్లో ఉండే చవక ఫోన్లలో నడవాలి. రాత్రి పన్నెండు దాటాక తెర ముందు కూర్చోకు.

ఇంకొకటి. ఆటలు ఆడితే పిల్లలు హంతకులవుతారని తల్లిదండ్రుల్ని భయపెట్టి నీ ఆట అమ్ముకోకు. అంత మాట ఎవరూ రుజువు చెయ్యలేదు. 2020లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అనే మనస్తత్వ నిపుణుల సంఘం వాళ్ళు చెప్పింది కూడా అదే. హింస ఉన్న ఆటలకీ, అరుపులు, తోపులాటల్లాంటి దురుసుతనానికీ కాస్త సంబంధం కనిపిస్తోంది గానీ, నేరాలకి వాటినే కారణం అనడానికి తగిన ఆధారం లేదన్నారు. ఆ ఏడే సెప్టెంబరులో మన ప్రభుత్వం పబ్జీ అనే కాల్పుల ఆటని ఆపినప్పుడు మా వీధి తల్లులందరూ తమ మొర ఆలకించారని సంబరపడ్డారు. అసలు చెప్పిన కారణం దేశ భద్రత, జనం డేటా. ఏడాది తిరక్కుండా అది వేరే పేరుతో వచ్చి కూర్చుంది.

ఇక నా సంగతి. 1988లో రాజాం దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. ఆ ఊళ్ళో పై వీధికీ కింద వీధికీ పడేది కాదు. సంక్రాంతికి వాలీబాల్ దగ్గర మొదలైన తగువు బడి దాకా వచ్చింది. వార్షికోత్సవానికి బొబ్బిలి యుద్ధం నాటకం రాసి వేయిద్దామని నాకు బుద్ధి పుట్టింది. 1757 జనవరి 24న ఏం మిగిలిందో చూపిద్దామని. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం సేన, ఆడవాళ్ళూ పసిపిల్లలూ కూడా బలైపోయిన బొబ్బిలి కోట, ఆ తర్వాత బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు గుడారంలో దూరి విజయనగరం రాజు విజయరామరాజుని పొడవడం. ఇంత చావు చూస్తే గుంటలకి బుద్ధి రాకపోతుందా అనుకున్నాను.

డ్రిల్లు మాస్టారు పదిహేను రోజులు సాయంత్రాలు కర్రసాము నేర్పారు. అట్ట కత్తులకి సిగరెట్ పెట్టెల్లోని వెండి కాగితం నేనే మైదాపిండితో అతికించాను. చివరి రంగంలో ఒక ముసలమ్మ కూర్చుని పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పి ఏడవాలి. నాటకమంతా దానికోసమే. దాన్ని ఒకే ఒక్క పూట, అదీ మధ్యాహ్నం భోజనాల వేళ, వల్లె వేయించాను.

పాపారాయుడు కత్తి ఎత్తాడు, ఈలలే ఈలలు. మళ్ళీ పొడవమని అరిచారు. ఆ గుంటడు మళ్ళీ పొడిచాడు కూడా. ముసలమ్మ వచ్చేసరికి జనం లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు.

ఇంకా బుద్ధి తక్కువ పని ఒకటి చేశాను. పై వీధి పిల్లలకి బొబ్బిలి వేషాలు, కింద వీధి పిల్లలకి విజయనగరం వేషాలు ఇచ్చాను. కలిసి నాటకం ఆడితే కలిసిపోతారనుకున్నాను. అప్పటిదాకా వాళ్ళది ఉత్త వీధి తగువు. దానికి జట్లు కట్టి, పేర్లు పెట్టి, చేతికి కర్రలిచ్చింది నేను.

మర్నాడు విరామం గంట కొట్టగానే కంచె కర్రలు పీకారు. పాపారాయుడి వేషం వేసినవాడు నేను రాసిన డైలాగు చెబుతూనే వచ్చాడట. రాజు వేషం వేసిన ఎనిమిదో తరగతి గుంటడి ఎడమ కన్ను పోయింది. విశాఖ తీసుకెళ్ళారు, లాభం లేకపోయింది.

అతనికి ఇప్పుడు రాజాంలో సైకిళ్ళ కొట్టు ఉంది. చక్రం వంకర తీసేటప్పుడు తల పూర్తిగా ఎడమకి తిప్పి, ఉన్న కంటితో ఊచల వరస చూసుకుంటాడు. నేను కనిపిస్తే "టీచరమ్మా, టీ తాగి వెళ్ళండి" అంటాడు. ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

అందుకే చెబుతున్నాను. నీ ఆటలో పిల్లాడి చేతి వేలు వెయ్యిసార్లు ఏం చేస్తుందో, వాడు నేర్చుకునేది అదే. దారంతా కొట్టించి చివర్లో శాంతి అని అక్షరాలు వేస్తే నా ముసలమ్మకి పట్టిన గతే పడుతుంది. పోయిన వేసవిలో నువ్వే నాకు చూపించావు కదా, 2015లో వచ్చిన అండర్‌టేల్ అనే ఆట. ఎదురొచ్చిన ఎవర్నీ చంపకుండానే చివరిదాకా వెళ్ళొచ్చు, చంపితే ఆ ఆట మర్చిపోదు అన్నావు. బొమ్మలు నాకు నచ్చలేదు గానీ ఆ ఉపాయం నచ్చింది. మా నాయనమ్మ ఆడించిన వైకుంఠపాళిలోనూ శత్రువు ఉండడు, మన దుర్గుణాలే పాములై మింగుతాయి. కాకపోతే అక్కడ నిచ్చెన ఎక్కడమూ గవ్వల చలవే, పాము నోట్లో పడడమూ గవ్వల చలవే. పిల్లాడు తనంతట తాను ఎంచుకునేది ఏమీ లేదు. నువ్వు ఆ తప్పు చెయ్యకు.

కొట్లాట ఆపడం కూడా చేతి పనే, చిన్నా. మా అత్తవారింటి ఎదురుగా ఒక ముసలమ్మ ఉండేది. కుళాయి దగ్గర ఇద్దరు మగాళ్ళు కర్రలు ఎత్తితే, నీళ్ళ బిందె చంకనే పెట్టుకుని మధ్యలోకి నడిచి, ఒకడితో "ఏరా, మీ గేదె ఈనిందా?" అనేది. వాడు జవాబు చెప్పాలి కదా. "నిన్న రాత్రి ఈనింది, పెయ్యి" అనేసరికి కర్ర భుజం మీంచి కిందికి దిగేది. "అయితే రెండోవాడికి జున్ను పంపు" అనేది. తగ్గినవాడి పరువు పోలేదు, జున్ను కోసం తగ్గాడు అంతే. అదే మాట కాస్త ముందు అడిగితే విసుక్కునేవాళ్ళు, కాస్త ఆలస్యమైతే నెత్తురే. ఆమెకి ఎప్పుడు అడగాలో తెలుసు, ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలుసు. ఇది ఆట కాదంటావా? ముందు ఊరంతా తిరిగి కబుర్లు పోగేసుకోవాలి, తర్వాత ఆ ఒక్క క్షణం పట్టుకోవాలి. నాకు కోడింగ్ రాదు గానీ, వస్తే నేనే చేసేదాన్ని.

బలం చూపించొద్దని కూడా అనను. కుర్రాళ్ళకి బలం కావాలి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు ఇనప గొలుసులు తెంపి, ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకుంటే జనం చప్పట్లు కొట్టలేదా? అక్కడ దెబ్బ తిన్నవాడెవడు?

రెండు సంగతుల్లో మాత్రం నా మాట వినాలి. ఆటలో జట్లకి నిజం ఊళ్ళ పేర్లు, వీధుల పేర్లు, ఇంటిపేర్లు పెట్టకు. రంగుల విషయంలో కూడా జాగ్రత్త, ఏ పార్టీదో ఏ కులానిదో అనుకుంటారు. ఇక ముఖం మీద కొట్టే బొమ్మ ఒక్కటి కూడా వద్దు. అత్తకి చాదస్తం అనుకో, పరవాలేదు. నీకు పిల్లలు పుట్టినా సంక్రాంతికి విల్లంబులు కొననివ్వను.

ఆట తయారయ్యాక పిల్లల చేతికిచ్చి వెనక కూర్చో. బాగుందా అని అడగకు, బాగుందనే అంటారు. ఎక్కడ నవ్వుతున్నారు, ఎక్కడ పక్కవాణ్ణి పిలిచి చూపిస్తున్నారు, ఈల ఎక్కడ పడుతోంది, అది చూడు. దెబ్బ దగ్గర పడితే మొహమాటం లేకుండా ఆ భాగం పీకి పారెయ్. నాకు నాటకం రోజునే తెలిసింది. తెలిసి కూడా జనానికి నచ్చిందని పొంగిపోయాను.

దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను జాతరకి ఎలాగూ విజయనగరం వస్తావు. రెండు రోజులు ముందు రా. అప్పటికి సగమే అయినా సరే, ల్యాప్‌టాప్ పట్టుకురా. రాజాం వెళ్దాం. సైకిళ్ళ కొట్లో అతనికి చూపించు. నేను బయట బల్ల మీద కూర్చుంటాను, లోపలికి నువ్వొక్కడివే వెళ్ళు. ఎవరి మేనల్లుడివో ముందే చెప్పు.

కళ్ళద్దాల పవర్ చూపించుకోమన్నాను, చూపించుకున్నావా?

మీ అత్త