పార్కు ఎత్తు పెంచాలా, నీళ్లకి వదిలేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి వాళ్లుండేది న్యూయార్క్‌లో, మన్‌హట్టన్ తూర్పు వైపు. 2022లో వెళ్లినప్పుడు చూస్తే ఈస్ట్ రివర్ పార్కులో పెద్ద పెద్ద చెట్లు కొట్టేసి పనులు చేస్తున్నారు. వరదలు రాకుండానట! చెట్లు కొట్టేసి ఊరిని కాపాడటం ఏమిటండీ? రేపు మా కృష్ణ ఒడ్డునా ఇలాగే చేస్తారా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీకొచ్చిన కోపమే అక్కడి వాళ్లకీ వచ్చింది, కోర్టుకి కూడా వెళ్లారు. ముందు ఒక సంగతి చెప్పాలి. ఈస్ట్ రివర్ పేరుకే నది, నిజానికి రెండు వైపులా సముద్రంలో కలిసే పాయ. అందులో ఉప్పునీళ్లు, ఆటుపోట్లు ఉంటాయి. 2012 అక్టోబరు 29న శాండీ తుపాను వచ్చినప్పుడు మన్‌హట్టన్ దక్షిణ కొసన నీటిమట్టం దాదాపు 14 అడుగులకి చేరింది. పార్కు మునిగింది, పార్కు దాటి ఇళ్లు మునిగాయి, 14వ వీధి దగ్గర కరెంటు సబ్‌స్టేషన్ పేలి దిగువ మన్‌హట్టన్ రోజుల తరబడి చీకట్లో ఉంది. ఆ ఉప్పు వేళ్లకి పట్టి తర్వాత చాలా చెట్లు ఎండిపోయాయి కూడా. అంటే ఏమీ చేయకుండా వదిలేసినా ఆ చెట్లన్నీ మిగిలేవని చెప్పలేం.

మొదటి ప్లాన్ వేరు. పార్కుకి వెనక, హైవే పక్కన గట్టు కట్టి, పార్కుని మాత్రం మునిగితే మునగనీ అని వదిలేయాలనుకున్నారు. స్థానికులు ఏళ్ల తరబడి మీటింగుల్లో కూర్చుని దానికి ఒప్పుకున్నారు. తీరా 2018లో నగర ప్రభుత్వం ప్లాన్ మార్చేసింది: పార్కునే ఎనిమిది నుంచి పది అడుగులు మట్టితో ఎత్తు చేసి, అడ్డుగోడని దాని కిందే నీటి అంచున పెడతామంది. హైవే పక్కన పని చేయడం కష్టమనీ, పార్కు మాటిమాటికీ మునగదనీ చెప్పారు. దాదాపు వెయ్యి చెట్లు పోతాయి. బదులుగా అంతకంటే ఎక్కువ మొక్కలు నాటుతామన్నారు గానీ, మొక్క నీడనివ్వాలంటే ఎన్నేళ్లు పడుతుందో మీకు తెలుసు కదా.

నన్నడిగితే ఎత్తు పెంచడం తప్పు కాదు. గట్టు వెనక లక్ష మందికి పైగా ఉన్నారు, వాళ్లలో చాలామంది ప్రభుత్వ గృహాల్లో ఉండే తక్కువ ఆదాయం వాళ్లు. 145 కోట్ల డాలర్ల ప్రాజెక్టు, ఊరికే అందం కోసం చేస్తున్నది కాదు. తప్పల్లా జనంతో నాలుగేళ్లు మాట్లాడి చివర్లో వాళ్లని అడగకుండా ప్లాన్ మార్చడం. గొడవయ్యాకే పార్కు మొత్తం ఒకేసారి మూయకుండా ముక్కలు ముక్కలుగా పని చేయడానికి ఒప్పుకున్నారు.

ఈసారి వెళ్తే అవతలి ఒడ్డున క్వీన్స్‌లోని హంటర్స్ పాయింట్ సౌత్ పార్కు చూసి రండి. నీళ్లు అదే పాయవి, పద్ధతి మాత్రం పూర్తిగా వేరు. అక్కడ నీళ్లని రానిస్తారు. అంచున పోటు నీళ్లలో పెరిగే గడ్డి వేశారు, మధ్యలో ఉన్న ఆటస్థలం మునిగి మళ్లీ ఖాళీ అయ్యేలా కట్టారు. శాండీ వచ్చేనాటికి ఇంకా కడుతూనే ఉన్నారు, అయినా తట్టుకుంది. అయితే అది పాత ఫ్యాక్టరీల స్థలంలో కొత్తగా కట్టింది కాబట్టి మొదటి నుంచీ నచ్చినట్టు గీసుకునే వీలుంది, మన్‌హట్టన్ వాళ్లకి ఆ వీలు లేదు.

ఇక కృష్ణ సంగతి. ఆ మట్టి పోసే పద్ధతి మనకి అస్సలు పనికిరాదు. అక్కడ నీళ్లు సముద్రం నుంచి ఎగదన్ని వస్తాయి, కాసేపట్లో తిరిగి పోతాయి. మనకి పైనుంచి వస్తాయి, రోజుల తరబడి పారతాయి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. అంత నీరు పారాల్సిన చోట, ఒడ్డున ఉన్న వరద అడ్డుగోడకి నదివైపున మట్టి పోసి పార్కు ఎత్తు చేస్తే ఆ మేరకు నదికి దారి తగ్గుతుంది, మీరు తప్పించుకున్న నీళ్లు ఎదురొడ్డు మీదో పైఊరి మీదో పడతాయి. కాబట్టి నదివైపు పార్కు మునిగేదిగానే ఉండాలి. రాతి మెట్లు, గడ్డి, కడిగేస్తే బురద పోయే బెంచీలు సరిపోతాయి. కరెంటు ప్యానెళ్లు మాత్రం గోడ పైన పెట్టాలి. క్యాంటీన్లు, ఫౌంటెన్లు అక్కడ కడితే ప్రతి పెద్ద వరదకీ మళ్లీ టెండర్లే. వరద పోయాక బురద ఎత్తడానికి మనుషులూ, డబ్బూ ఏటా బడ్జెట్‌లో పెట్టుకోవాలి. మీ కార్పొరేషన్ వాళ్లు రంగుల బొమ్మలతో ప్లాన్ చూపిస్తే ముందు ఇదే అడగండి: 11.43 లక్షల క్యూసెక్కులు వస్తే ఈ బొమ్మలో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయి?