మడ్ టైర్లకు లక్ష పెట్టాలా?

ప్రశ్న: మాది పాడేరు. కాఫీ తోట పనులకు థార్ ఫోర్ వీల్ డ్రైవ్ వాడుతున్నాను. టైర్లు అరిగిపోయాయి. పెద్ద సైజు మడ్ టెరైన్ టైర్లు ఐదింటికి షాపులో లక్ష చెప్పారు, నో కాస్ట్ ఈఎంఐ ఇస్తామన్నారు. ఇప్పుడున్న సైజులోనే ఆల్ టెరైన్ (తారుకూ, మట్టిదారికీ పనికొచ్చేవి) అయితే ఒక్కోటి 13,500. నెలకు 1,500 కిలోమీటర్లు తిరుగుతాను, అందులో మట్టిదారి 200 దాటదు. చేతిలో 60 వేలున్నాయి. ఏది కొనమంటారు?

జవాబు: ఆల్ టెరైన్ కొనండి, కంపెనీ ఇచ్చిన సైజులోనే. మడ్ టైరుకు గాడులు లోతుగా, వెడల్పుగా ఉంటాయి కాబట్టి బురదను విదిలించేస్తుంది. కానీ తారు మీద త్వరగా అరుగుతుంది, మోత పెడుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, వానలో ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మీకు బ్రేకు పడాల్సింది తడి తారు మీద. అక్కడ దాని పట్టు తక్కువ.

ఇక లెక్క. మడ్ టైర్లు 40 వేల కిలోమీటర్లు, ఆల్ టెరైన్ 60 వేలు వస్తాయనుకుందాం. నాలుగు మడ్ టైర్లకు 80 వేలు, అంటే కిలోమీటరుకు 2 రూపాయలు. ఆల్ టెరైన్ నాలుగూ 54 వేలు, కిలోమీటరుకు 90 పైసలే.

నో కాస్ట్ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద జీఎస్టీ సాధారణంగా మన నెత్తినే పడతాయి. నగదు ధర ఎంతో విడిగా అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, బిల్లులో చూసుకోండి.

స్టెప్నీ వాడకుండా ఉంటే ఐదోది ఇప్పుడే కొనక్కర్లేదు. టైరు పక్కగోడ మీద DOT అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి. 2323 అంటే 2023లో 23వ వారం తయారైందని. పగుళ్లు లేకుండా, మరీ పాతది కాకుంటే ఉంచేయండి. అదే సైజు కాబట్టి అవసరానికి పనికొస్తుంది. పెద్ద సైజు వేస్తే ఆ వీలూ పోతుంది, స్పీడోమీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపిస్తుంది, ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర టెన్షన్ వేరే.

మామూలు పాలసీలో టైరు ఒక్కటే దెబ్బతింటే పైసా రాదు. బండికీ దెబ్బ తగిలితేనే టైరు ఖర్చులో సగం ఇస్తారు. రాళ్ల దారిలో తిరిగే మీరు రెన్యువల్ అప్పుడు టైర్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ ధర కనుక్కోండి.

మిగిలిన 6 వేలలో అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయించి, గాలి కొట్టే చిన్న మిషన్ ఒకటి కొనుక్కోండి. బురదలో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుంది, తారెక్కగానే మళ్లీ నింపాలి. ఈ టైర్లు మీకు 40 నెలలు రావాలి. నెలకు 1,350 చొప్పున బ్యాంకులో ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) ఈ నెలే మొదలుపెడితే తర్వాతి సెట్టుకు అప్పు అక్కర్లేదు.