టీసీ లేదని పిల్లను బడిలో చేర్చుకోకపోతే?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా మందస మండలంలో ఒక పల్లె. మా అక్క కూతురు ఐదో తరగతి దాకా ఊళ్లో బడిలోనే చదివింది. తర్వాత పలాసలో ఓ ప్రైవేటు స్కూల్లో ఆరులో వేశాం. చెన్నైలో తాపీ పని చేసే మా బావ డబ్బు పంపడం మానేయడంతో మధ్యలోనే ఆపేసింది. ఇప్పుడు వాళ్లమ్మతో జీడిపిక్కల ఫ్యాక్టరీకి వెళ్తోంది. పదమూడు నిండాయి. పిక్కల జీడి అంటి వేళ్లు నల్లబడ్డాయి. హైస్కూలుకు వెళితే టీసీ తెమ్మన్నారు, పైగా అడ్మిషన్లు అయిపోయాయన్నారు. ప్రైవేటు వాళ్లు 9,000 బాకీ కడితేనే టీసీ అని అందరి ముందూ మా అక్కను నానా మాటలన్నారు. పరువునష్టం కేసు వేయాలని ఉంది. ఒకాయన వేరే స్కూలు టీసీ ఇప్పిస్తానంటున్నాడు, వయసు రెండేళ్లు తగ్గించి ఆరులోనే చేరేలా. ఏం చేయమంటారు?
– ఒక మేనమామ

జవాబు: మీ ఉత్తరంలో అవమానం గురించి రెండు పేజీలు రాశారు, పాప పుట్టిన తేదీ మాత్రం రాయలేదు. మీ కేసంతా ఆ తేదీ మీదే ఉంది. పరువునష్టం సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టండి. దానివల్ల పాప ఒక్క రోజు కూడా ముందుగా బడికి వెళ్లదు.

2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది. మధ్యలో చదువు ఆగిన పిల్లను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని నాలుగో సెక్షన్ చెబుతోంది. అలా చేరిన పిల్లకు 14 దాటినా ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఉచిత చదువు హక్కు ఉంటుంది. అంటే 14 నిండేలోపు చేరడం ముఖ్యం. ఆ రోజు దాటాక అడిగితే ఇంత బలంగా వాదించలేం. ఇన్ని నెలలు నోటిమాట మీద తిరిగి, ఒక్క కాగితం కూడా ఇవ్వకపోవడం మీ పొరపాటు. వాళ్లు రేపు "మా దగ్గరికి ఎవరూ రాలేదు" అంటే మీ చేతిలో ఏముంది?

ఇక టీసీ. ప్రభుత్వ బడిలో చేరడానికి పాత స్కూలు హెడ్మాస్టరు వెంటనే టీసీ ఇవ్వాలని, అది రావడం ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి అడ్మిషన్ ఆపకూడదని ఐదో సెక్షన్ స్పష్టంగా రాసింది. ఫీజు వసూలుకు టీసీని అడ్డం పెట్టుకోకూడదని మద్రాసు హైకోర్టు 2024లో చెప్పింది. ఆ తీర్పు మన రాష్ట్రానికి నేరుగా కట్టుబాటు కాకపోయినా వాదనకు పనికొస్తుంది. బాకీ ఉందంటారా, సివిల్ దావా వేసుకోమనండి. ఇక అడ్మిషన్ల గడువు ముగిసిందన్న మాటకు పదిహేనో సెక్షన్ ఉంది. గడువు దాటిందని చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదు.

ఒకాయన ఇప్పిస్తానన్న ఆ వేరే స్కూలు టీసీ జోలికి మాత్రం పోకండి. నకిలీ పత్రం తయారు చేయడమే కాదు, నకిలీ అని తెలిసి వాడటమూ నేరమే. కేసు పెడితే ఆ మధ్యవర్తి తప్పుకుంటాడు, సంతకం పెట్టిన మీ అక్క ఇరుక్కుంటుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి. బడి రికార్డులో పడిన తేదీయే పదో తరగతి సర్టిఫికెట్‌లోకి ఎక్కుతుంది, జీవితాంతం వెంట వస్తుంది. రేపు ఉద్యోగానికో, పెళ్లి వయసు రుజువుకో ఆ తేదీనే చూస్తారు. అసలు వయసు తగ్గించాల్సిన పనేముంది? ఆమె నేరుగా ఎనిమిదిలో కూర్చోవచ్చు.

పుట్టిన తేదీ రుజువు ఈ వారంలోనే వెతకండి. జనన ధ్రువపత్రం లేకపోతే ప్రసవమైన ఆసుపత్రి లేదా ఏఎన్‌ఎం (ఊరి ఆరోగ్య కార్యకర్త) రిజిస్టరు, అంగన్‌వాడీ రికార్డు, అవీ లేకపోతే తల్లి రాసిచ్చే డిక్లరేషన్. ఊళ్లో బడి అడ్మిషన్ రిజిస్టరులో ఆమె పేరు ఉంటుంది, నకలు అడగండి. వయసు రుజువు లేదని అడ్మిషన్ నిరాకరించకూడదన్నదీ ఆ చట్టంలోనే ఉంది.

తర్వాత హైస్కూలు హెడ్మాస్టరు పేర దరఖాస్తు రెండు ప్రతులు రాయండి. పాప పేరు, పుట్టిన తేదీ, ఎక్కడ ఎప్పటిదాకా చదివింది, టీసీ ఎందుకు రాలేదు, నాలుగు, ఐదు సెక్షన్ల కింద ఎనిమిదో తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో సంతకం, ముద్ర తీసుకోండి. తీసుకోవడానికి ఒప్పుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. నకలు మండల విద్యాధికారికి (ఎంఈఓ), జిల్లా విద్యాధికారికి (డీఈఓ) పంపండి. చాలాసార్లు ఎంఈఓకు నకలు చేరగానే పని జరిగిపోతుంది. జరగకపోతే ముప్పైరెండో సెక్షన్ కింద పంచాయతీ లాంటి స్థానిక సంస్థకు రాతపూర్వక ఫిర్యాదు చేయాలి. మూడు నెలల్లో తేల్చాలి. ఆపైన రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు. మీకు మూడు నెలలు ఆగే తీరిక లేదు కాబట్టి, శ్రీకాకుళం జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకు కూడా అదే రోజు అర్జీ ఇవ్వండి. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు.

ఎంఈఓ దగ్గరికి వెళ్లినప్పుడు కస్తూర్బా విద్యాలయంలో సీటు కూడా అడగండి. చదువు మానేసిన ఆడపిల్లల కోసమే 2004లో పెట్టిన హాస్టల్ బడులవి. మీ అక్క తెల్లారకముందే పనికి వెళ్లేమాటైతే పాపకు అదే మేలు.

ఫ్యాక్టరీకి పంపడం మాత్రం రేపటి నుంచే ఆపండి. పద్నాలుగేళ్ల లోపు పిల్లను పనిలో పెట్టుకున్న యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. కుటుంబానికి సాయం అన్న మినహాయింపు బయటి ఫ్యాక్టరీకి వర్తించదు.

దరఖాస్తు మీద సంతకం మీ అక్కదే ఉండాలి. మీరు సాక్షిగా కింద పెట్టండి. మీ బావ సంతకం కోసం ఆగకండి.