ఓట్స్ పీచు పొడితో బరువు తగ్గుతారా?

ఓట్స్ పీచు పొడి తాగితే బరువు తగ్గుతారా అని అడిగారు. తగ్గరు. మహా అయితే ఆకలి కాస్త తగ్గొచ్చు. అప్పుడు కంచంలో అన్నం కూడా తగ్గిస్తేనే బరువు కదులుతుంది.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మోకాళ్ళ నొప్పులకు డాక్టరు బరువు తగ్గమన్నారని మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఓట్ ఫైబర్ డబ్బా పంపాడు. అప్పుడు నేను 78 కిలోలు. ఆత్రం కొద్దీ మొదటి రోజే రెండు పెద్ద చెంచాలు మజ్జిగలో కలిపి తాగేసి, ఆడపడుచు కూతురి నిశ్చితార్థానికి బరంపురం బస్సెక్కాను. దారిలో ఎక్కడ దిగాల్సొస్తుందోనని నీళ్ళు ముట్టలేదు. పలాస వచ్చేసరికి పొట్ట రాయిలా బిగుసుకుపోయింది, ఒళ్ళంతా చెమటలు. దిగిపోయాను. పక్క సీట్లో కూర్చున్న ముసలమ్మ కూడా నాతో దిగి, టీ కొట్లో వేడినీళ్ళు అడిగి తెచ్చి, "ఏటి తిన్నావమ్మా?" అంది. చెప్పాను. "నీళ్ళు లేకుండా పొట్టు తిన్నావేటి? పశువులకైనా కుడితిలో కలిపి పెడతాం కదమ్మా!" అంది.

నిశ్చితార్థం అందలేదు. ఆడపడుచు ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది. బస్టాండ్లలో ఆడవాళ్ళకు శుభ్రమైన మరుగుదొడ్లు ఉంటే నేను నీళ్ళు మానేదాన్నే కాదు. మనలో సగం మంది మలబద్ధకానికి ఇదే కారణమని నా గట్టి నమ్మకం.

ముసలమ్మ అన్నది నిజమే. ఓట్ ఫైబర్ పేరుతో అమ్మేది ఎక్కువగా గింజ పైపొట్టు. నీళ్ళలో కరగదు, క్యాలరీలు దాదాపు ఉండవు. తర్వాత అర చెంచాతో మొదలుపెట్టి, నీళ్ళు బాగా తాగుతూ మూడు నెలలు వాడాను. విరేచనం సాఫీగా అయింది, తూకం మాత్రం కదల్లేదు. ఓట్స్ ఉడికిస్తే జిగురు వస్తుందే, బీటా గ్లూకాన్ అనే ఆ కరిగే పీచు వేరు. కడుపులో చిక్కబడి ఆకలిని కాసేపు ఆపేది అదే. రోజుకు 3 గ్రాములు తింటే గుండెజబ్బు ముప్పు తగ్గవచ్చని ప్యాకెట్ల మీద రాసుకోవడానికి అమెరికాలో ఆహారం, మందుల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ 1997లో అనుమతిచ్చింది. అది గుండె మాట, బరువు మాట కాదు. మసాలా ఓట్స్ ప్యాకెట్లయితే అసలు కొనకండి, అందులో ఉప్పు ఎక్కువ.

ఇప్పుడు నా పొద్దుటి తిండి చోడంబలి, అంటే రాగి అంబలి. రాగుల్ని ఇక్కడ బజార్లో మాండియా అంటారు, మా ఇంట్లో చోళ్ళు. 100 గ్రాముల చోళ్ళలో సుమారు 11 గ్రాముల పీచు ఉంటుంది, ఓట్స్‌లోనూ దాదాపు అంతే. అమ్మ చేసినట్టే రాత్రి పిండి కలిపి పులియనిచ్చి, పొద్దున కాచి, ఉల్లిపాయ నంజుకుని తాగుతాను. మధ్యాహ్నం దాకా ఆకలి ఉండదు. ఏడాదిలో 6 కిలోలు తగ్గాను. రాత్రి అన్నం సగం చేసిన మాట కూడా నిజమే కానీ, ఆ సగంతో సరిపెట్టుకోగలిగింది అంబలి వల్లనే.

డబ్బా ఇప్పటికే కొనేసి ఉంటే పారేయకండి. రొట్టెల పిండిలో ఒక చెంచా కలుపుకోండి, తిన్నాక పెద్ద గ్లాసు నీళ్ళు తాగండి. ప్రయాణం ఉన్న రోజు మాత్రం ముట్టుకోవద్దు.